రెండే రెండు ఈకలు

పదో ఈక కూడా తెగిపోయింది.

రోజా వేళ్ళ మధ్య మిగిలిన ముక్కను చూసి పళ్ళు నూరింది. ఈగలు కట్టే పని ఇప్పించే సుప్రజ మదనపల్లె నుంచి వచ్చి, పరీక్షకని ఇచ్చి వెళ్ళినవే పది ఈకలు. నాలుగింటికి ఆమె మళ్ళీ వస్తుంది. రోజా కట్టిన ఈగ బాగుంటే ఇక ఇంటి దగ్గరే పని. బాగలేకపోతే జాతర మరునాటి నుంచి మామూలే, చీకటితో లేచి బస్సు పట్టుకుని బట్టల కంపెనీకి పరుగు.

అది నిజం ఈగ కాదు. చలిదేశాల్లో చేపలు పట్టేవాళ్ళు గాలానికి ఈకలు చుట్టి, నీళ్ళ మీద తేలే ఈగలా చేస్తారు. గాలం నడుమ అగ్గిపుల్లంత ఉన్ని పోగును నిలబెట్టి, దాని చుట్టూ కోడి మెడ ఈకను గొడుగులా విచ్చుకునేట్టు చుట్టాలి. గొడుగు విచ్చుకుంటే ఈగ తేలుతుంది, లేకపోతే మునుగుతుంది. చెప్పడానికి ఇంతే. చుట్టడానికి కూర్చుంటే చుక్కలు కనిపిస్తాయి.

"ఇంగ ఈకల్లేవత్తా. అయిపోయినాది నా పని," అంది రోజా.

పక్కన కనకాంబరాలు కడుతున్న పాపమ్మ, "ఈకలు యాల లేవు?" అని, అంతలోనే నోరు మూసుకుంది.

ఇద్దరి కళ్ళూ వాకిట్లో బోర్లించిన గంప మీదికే వెళ్ళాయి. దాని కింద ఎర్ర పుంజు ఉంది. దాని పక్కనే మంచం మీద మామ గురప్ప గురక పెడుతున్నాడు.

బోరులో నీళ్ళు పడితే ఈ పుంజునే ఇస్తానని గురప్ప గంగమ్మకు మొక్కాడు. నీళ్ళు పడ్డాయి. రేపే జాతర. అమ్మవారికిచ్చేది నిండుగా ఉండాల, ఒక్క ఈక తక్కువైనా పనికిరాదంటూ వారం నుంచి దాని దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు. కోడిపిల్లగా ఉన్నప్పటి నుంచి దాన్ని ఒళ్ళో పెట్టుకుని సంగటి తినిపించిన పాపమ్మను కూడా.

రోజా గడియారం చూసింది. మూడున్నర. పిల్లిలా నడిచి గంప దగ్గర కూర్చుంది. గంప కొంచెం ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, తడిమి తడిమి మెడ పట్టుకుని రెండు ఈకలు లాగింది. పుంజు కొక్ మంది. గురప్ప అటు తిరిగి పడుకున్నాడు. పాపమ్మ పూల మీంచి తల ఎత్తలేదు.

మొదటి ఈక చుట్టు మీద చుట్టు పడి, పోగు మీంచి పైకి జారి ఊడిపోయింది. రోజాకు ఏడుపొచ్చింది.

"పైపైకి యాల పోతావు మే?" అంది పాపమ్మ. "ఒక వరస అయినాక రెండోది దాని కిందికి రావాల. కడాన ముడేసేటప్పుడు నేను పూరెక్కల్ని ఎట్ల పట్టుకుంటాండానో సూడు. అన్నీ పైకి దువ్వి పట్టి, కింద ముడెయ్యి. ఒక్క రెక్కన్నా దారంలో పడతాదా?"

రోజా ఆమె వేళ్ళకేసి చూసింది. నెల రోజులుగా ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ కళ్ళు మండిపోయాయి, చూడాల్సింది ఇక్కడ పక్కనే ఉంది.

రెండో ఈక ఊపిరి బిగబట్టి చుట్టింది. ఒక చుట్టు. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. వెంట్రుకల్లాంటి పోగులన్నీ పైకి దువ్వి పట్టి, అడుగున ముడి బిగించింది. చెయ్యి వదిలేసరికి చిన్న గొడుగు గుండ్రంగా విచ్చుకుంది.

"అత్తా, వచ్చేసినాది," అంది రోజా.

వాకిట్లో స్కూటీ ఆగింది. సుప్రజ వస్తూనే గ్లాసుతో నీళ్ళు అడిగి, తాగకుండా అందులో ఈగను వేసింది. ఈగ ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని నిలబడింది. సుప్రజ వేలితో ముంచింది. అది మళ్ళీ పైకి లేచింది.

"పాసైపోయినావక్కా. సోమవారం సామాన్లు తెచ్చిస్తా," అంది సుప్రజ. రోజాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఇంతలో సుప్రజ గ్లాసును ఎండకు ఎత్తి చూసింది. "ఈ ఈక నేనిచ్చింది కాదే. ఇంత నిగనిగలాడతాండాది, యాడిది?"

మంచం కిర్రుమంది. గురప్ప లేచాడు. ఈక అన్న మాట చెవిన పడగానే గంప ఎత్తాడు.

"ఎవురు పీకినారు?" అని అరిచాడు.

సుప్రజ ఈగను డబ్బాలో వేసుకుని, వస్తానక్కా అంటూ స్కూటీ ఎక్కేసింది.

"నేనే మామా. రెండే పీకినా," అంది రోజా తల దించుకుని.

"రెండా? కండ్లు తెరిచి సూడు."

రోజా చూసింది. పుంజు మెడ సగం బోడిగా, ఎర్రటి చర్మం తేలి ఉంది. తన చేతుల్ని తానే నమ్మలేకపోయింది.

"దీన్నిస్తే గంగమ్మ నా బోరు ఎండబెడతాది. ఇంగోటి తేకపోతే ఎట్ల?" గురప్ప తువ్వాలు భుజాన వేసుకుని పుంగనూరు దారి పట్టాడు. వెళ్తూ వెళ్తూ భార్యవైపు తిరిగాడు. "ఈ బోడిదాన్ని నువ్వే మేపుకో."

"మేపుకోక ఏం జేసేది," అంది పాపమ్మ నీరసంగా.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, పుంజును తీసి ఒళ్ళో పెట్టుకుంది. రోజా కళ్ళు తుడుచుకుంది.

"గంగమ్మ తోడు అత్తా, నేను రెండే పీకినా."

పాపమ్మ కొంగు ముడి విప్పింది. గుప్పెడు ఎర్రటి మెడ ఈకలు కోడలి ఒళ్ళో పోసింది.

"నాకు తెల్దా మే? పొద్దున ఆయన బోరుకాడికి పోయినప్పుడు మిగతాయన్నీ పీకింది నేనే గదా."