నాలుగు నిమ్మకాయలు

ఆటోనగర్‌లో ఇప్పుడు ప్రతి బండిలోనూ ఇంజన్‌ను నడిపే పెట్టె మాట్లాడుతుంది. మెకానిక్ ఖాసిం చేతుల్లో తయారైన రేసుకారులో భార్గవి మొదటి పందేనికి బయలుదేరుతుంటే, వాళ్లమ్మ దిష్టి తీసి టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పెట్టె వెంటనే ఇంజన్ ఆపేసి, "చక్రాల కింద అడ్డున్నాయి" అంది.

"తీసెయ్యమ్మా, టైమైపోతోంది" అంది భార్గవి.

"తొక్కించకుండా నిన్ను పంపను" అందామె.

ఖాసిం విసుక్కుంటూ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంధనం, స్పార్కు, వేగం హద్దు, ఆ పెట్టెకు అన్నీ నేర్పింది తనే. "అవి అడ్డు కాదు" అని రాశాడు.

"మరేమిటి?" అని పెట్టె అడిగింది.

ఖాసిం ఆ తల్లి చేతులకేసి చూశాడు. కూతురి హెల్మెట్ పట్టీని మళ్లీ మళ్లీ సరిచేస్తున్నాయి. "అమ్మ భయం" అని రాశాడు.

పెట్టె మళ్లీ ఇంజన్ స్టార్ట్ చేసింది. ఆరువందల హార్స్‌పవర్ కారు పసిపిల్ల అడుగంత మెల్లగా కదిలి, నాలుగు కాయలనూ శ్రద్ధగా తొక్కి, అప్పుడు పరుగందుకుంది.