లూపేకు నెల సరిగా రావడం లేదు

“రెండు నెలలకోసారి వస్తే నాకే హాయిగా ఉంది. నలుగురిలో పరువు తీయకమ్మా!” అని పదహారేళ్ళ లూపే పడవలో దారంతా గొణుగుతూనే ఉంది. తల్లి టెలేసియా వినలేదు. కూతుర్ని అపియా పట్నంలోని ఆసుపత్రికి లాక్కొచ్చింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి నవ్వింది. “ఈ వయసులో నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. వచ్చిన తేదీ ప్రతిసారీ రాసుకో. మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం వచ్చేయ్, మందులున్నాయి.”

“చెప్పానా!” అంటూ లూపే లేచింది.

టెలేసియా లేవలేదు. చేతిలోని విసనకర్ర వంక చూస్తూ మెల్లగా అడిగింది. “మరి డాక్టరమ్మా, ఆగిపోయిన నాలుగేళ్ళకి మళ్ళీ మొదలైతే?”

“ఎవరికి?”

టెలేసియా విసనకర్రతో మొహం దాచుకుంది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. “ఎన్నాళ్ళుగా?”

“ఏడాది దాటింది.”

లూపే మళ్ళీ కూర్చుండిపోయింది.

టెలేసియాకు క్యాన్సరనీ, అది గర్భసంచి దాటి పాకిపోయిందనీ మరుసటి వారం తేలింది. “ముందే చెబితే ఏం పోయేదమ్మా?” అని లూపే ఏడ్చింది.

“నా కోసమంటే సిగ్గేసిందే తల్లీ,” అంది టెలేసియా. “నీ పేరు చెప్పుకుంటేగానీ ఆ గుమ్మం ఎక్కలేకపోయాను.”