ఎదుటి కొట్టు బీరు

కొట్టులో ఈగలు కూడా లేవు. ఉన్న రెండూ రోడ్డు దాటి ఎదుటి కొట్టుకు పోయాయి.

ఆకుపంతులు బల్ల మీద మోచేతులు ఆనించి అటే చూస్తున్నాడు. ఆ పేరు తాగడానికొచ్చినవాళ్లు పెట్టింది. మూలికలతో బీరు కాచడం ఆయనకు తాతనాటి విద్య. దేవదారు చిగుళ్లు, మాచిపత్రి, తుంగగడ్డలు... ఏది వేసినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే గ్లాసు చేతికివ్వడు. ముందు వాసన చూడాలి. ఏ ఆకో చెప్పాలి. తప్పితే మళ్లీ చూడాలి. దాహంతో వచ్చినవాడి నాలుక పిడచకట్టుకుపోయినా సరే.

ఎదుటి కొట్టు బొజ్జాయనకు మాచిపత్రికీ గడ్డిపరకకీ తేడా తెలియదు. అయినా అక్కడ బెంచీ మీద జానెడు చోటుండదు.

"ఇక కాగు అమ్మేయాల్సిందే" అన్నాడు పంతులు. మూడు తరాలుగా పొయ్యి దిగని రాగి కాగు.

"దాని జోలికి పోకండి. ఇల్లు గడుస్తోందిగా" అంది భార్య, కడిగిన గ్లాసే మళ్లీ కడుగుతూ.

"ఎలా గడుస్తోందో ఆ దేవుడికే తెలియాలి! వాడేం కలుపుతున్నాడో ఇవాళ తాగి తేల్చేస్తాను."

"వద్దండీ, పరువు తక్కువ."

పంతులు అప్పటికే రోడ్డు మధ్యలో ఉన్నాడు.

మొదటి గుటకకు కళ్లు మూతపడ్డాయి. రెండో గుటకకు కడుపు మండింది. అది బీరు వల్ల కాదు.

"మాచిపత్రి ఉందే!" అన్నాడు ఇంటికొచ్చి. "దాని వెనకాల ఇంకేదో నక్కి కూర్చుంది. దొరకడం లేదు. నేను కాగులోంచి గరిటెతో రుచి చూసేదెక్కడ, అదెక్కడ!"

మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. తన గ్లాసు చాలక పక్కవాడి గ్లాసులో కూడా ముక్కు పెట్టాడు.

"ఏం వాసనొస్తోంది చెప్పు?"

"నీ ముక్కు వాసన" అన్నాడు పక్కవాడు.

"వాసన చూడకుండా మింగుతావేంటయ్యా, గేదె కుడితి తాగినట్టు?"

"నీ పాఠాలు పడలేకే కదయ్యా రోడ్డు దాటింది! ఇక్కడికీ తయారయ్యావా?"

అతను లేచిపోయాడు. వెనకే ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి బొజ్జాయన బెంచీ మీద పడుకుని దొర్లేంత చోటు మిగిలింది.

పంతులు ముఖం వెలిగిపోతోంది. "వాడి బేరాలు సగానికి పడిపోయాయి. జనానికి ఇప్పుడిప్పుడే బుద్ధొస్తోందే!" అంటూ కొత్త ఆకులు దంచడానికి కూర్చున్నాడు.

భార్య రోకలి చప్పుడు మొదలయ్యేదాకా ఆగి, పీపాల్లో బీరు ఊరే నేలమాళిగ తాళాలు కొంగున దోపుకుని పెరటి తలుపు తీసింది.

గుమ్మంలో బొజ్జాయన ఖాళీ పీపాలు దించి, రెండు చేతులూ జోడించాడు.

"బావగారు కాచిన బీరు ఎప్పట్లాగే ఎన్ని పీపాలైనా పంపు చెల్లెమ్మా, నీకు దండం పెడతా, బావగారిని మాత్రం పంపకు."