క్లచ్‌లో గాలి

"తొక్కి పట్టుకో కాంతం!"

"పట్టుకున్నానండీ."

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనక, పాత హెరాల్డ్ కారు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్నాడు ఆర్థర్. పైన సీట్లో ఆయన భార్య కాంతమణి.

క్లచ్ నూనెలో గాలి చేరింది. ఆవిడ పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఆయన కింద నట్టు వదులు చెయ్యాలి. గాలి బుడగలు గొట్టంలోంచి సీసాలోకి పోతాయి. నట్టు బిగించాకే ఆవిడ కాలెత్తాలి. ముందే ఎత్తిందా, పోయిన గాలి పిలవని పేరంటాలిలా తిరిగొచ్చి కూర్చుంటుంది.

ఆర్థర్ రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వెళ్ళేది మూడో అంతస్తు అద్దెవాటా. అక్కడ సైకిలు పెట్టుకోవడానికే చోటు లేదు. సాయంత్రం బొల్లారం నుంచి మధుసూదన్ వస్తాడు. గేరు సరిగ్గా పడితే కారు కొనుక్కుపోతాడు. లేకపోతే లేదు.

అది కాంతమణి నాన్న నడిపిన కారు. అయినా అమ్మేద్దామంటే ఆవిడే తలూపింది.

"పోనివ్వండి, పాత ఇనుము. మా నాన్నేమన్నా అందులో కూర్చునున్నాడా ఇప్పుడు?"

"మళ్ళీ తొక్కు."

"తొక్కీ తొక్కీ మోకాలు అరిగిపోయింది. ఈ తొక్కుడేదో కుట్టుమిషను మీద తొక్కుంటే ఈపాటికి వీధిలో వాళ్ళందరికీ జాకెట్లయ్యేవి."

"నా నడుం మాత్రం పట్టుపరుపు మీదుందా? తొక్కవే తల్లీ."

నూనె మోచేతి దాకా కారింది. ఇంట్లో అన్నం చల్లారిపోయింది. ఎండ గోడ దిగింది. మనిషికి ఓపికెంతని? సీసాలో బుడగలు మాత్రం ఆగలేదు.

మధుసూదన్ రానే వచ్చాడు. స్టార్టు చేసి, క్లచ్ తొక్కి, గేరు నెట్టాడు. బండి గర్రుమని అరిచింది. రెండోసారీ అంతే.

"ఏంది సార్ గిది? బొల్లారం దాక నూకుకుంట పోవాల్నా?"

"పొద్దుటినుంచీ తీస్తూనే ఉన్నాం బాబూ. గాలి పోవట్లేదు."

"మీరు సుత పరేషాన్ గాకుండ్రి. నేను ఇంకో బండి చూసుకుంట."

వెళ్ళిపోయాడు.

కాంతమణి మోకాలు రాసుకుంటూ, మొగుడి మొహం చూడకుండా, "ఏం చేస్తామండీ, దేవుడి చిత్తం" అంది.

"అంతేలే" అంటూ చేతులు తుడుచుకున్నాడు ఆర్థర్. "ఎక్కడన్నా ఓ షెడ్డు అద్దెకు దొరుకుతుందేమో రేపు చూసొస్తాను."

నట్టు బిగించకముందే ఆవిడ కాలెత్తేస్తోందని, పెడల్‌తో పాటు కదిలే కడ్డీ కళ్ళెదుటే వెనక్కి జరిగిపోతుంటే, ఆయనకు మొదటిసారి తొక్కినప్పుడే తెలిసిపోయింది.