మనది కాని పంది

ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక ఓబులేసుకు ఈసారి సర్కారు వేట చీటీలో పంది తగిలింది. చీటీలు తీసేది యంత్రం. దానికి కులం లేదు, సిఫారసు లేదు, కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు. ప్రతి అడవిపంది చెవికీ నంబరు బిళ్ల ఉంటుంది. తన పేరున వచ్చిన నంబరు పందినే, తన చేలోనే కాల్చాలి. వేరేదానికి గురిపెడితే సర్కారు తుపాకి పేలదు. అమావాస్య దాటితే చీటీ చెల్లదు.

పందులు రాకుండా భార్య సుంకులమ్మ వేరుశెనగ చేను చుట్టూ తన పాత చీరలు కట్టి ఉంచింది. ఓబులేసు వాటిని ఒక్కొక్కటే విప్పేశాడు.

"మతి పోయిందా నీకు? చెనిక్కాయ పీకే యాళకు కంచె ఇప్పుతావా?"

"అది లోపలికి రాకుంటే నేను దేన్ని కాల్చాల మే?"

పొద్దు వాలేసరికి ఇద్దరూ మంచె ఎక్కారు. గుంపు రానే వచ్చింది. చెట్లు పెళ్లగించి కాయలు నమలసాగింది. ఓబులేసు ఒక్కొక్క పంది మీదికీ తుపాకి తిప్పాడు. గొట్టం మీది ఎర్రదీపం ఒక్కసారి కూడా పచ్చగా మారలేదు.

"మనది లేదా?"

"లేదు. ఇవన్నీ ఎవరెవరివో."

సుంకులమ్మ రేకుడబ్బా అందుకుంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బెదరగొట్టొద్దు మే. ఈ చప్పుడుకు మనది గూడా ఈ దిక్కు రాదు."

"అయితే ఊళ్లోవాళ్ల పందులన్నిట్నీ మనమే మేపాల్నా?"

"మనదాన్ని ఇంకెవరో మేపుతుంటార్లే."

సుంకులమ్మ డబ్బాను చప్పుడు కాకుండా ఒళ్లో పెట్టుకుంది. కింద గుంపు రెండో సాలులోకి దిగింది.