శుక్రవారానికి అడిగిన వజ్రం

మార్చి 14, బుధవారం. మేం వజ్రాలు తయారుచేసే ప్రెస్సు తెరవగానే, తెల్లగా ఉండాల్సిన వజ్రం పసుపుపచ్చగా మెరిసింది.

"నైట్రోజన్‌ను పీల్చే పొడి వెయ్యడం మరిచానే," అంటూ అక్క కూలబడింది. "అన్నాళ్ళ వేడీ ఒత్తిడీ దండగ. ఆర్డరిచ్చిన ఆయన మనల్ని నమిలేస్తాడు."

ఆయన, చనిపోయిన తన భార్యవంటూ వెంట్రుకలు తెచ్చి, వాటి కర్బనంతో గుర్తుగా వజ్రం చెయ్యమన్నాడు. శుక్రవారం సంస్మరణ సభట, ఆలోగా కావాలన్నాడు.

క్షమించమందామని ఆయన ఇంటికి ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తింది. ఆయన భార్య వెంట్రుకలతో చేసిన వజ్రం రంగు మారిందని చెప్పాను.

"నాకు వజ్రమా?" ఆవిడ నవ్వింది. "అందుకా, మా ఆయన నా దువ్వెనలో వెంట్రుకలు ఏరి దాస్తున్నారు. పోన్లే అమ్మా, పసుపంటే నాకిష్టమే."

స్పీకరులో వింటున్న అక్క, ఆర్డరు కాగితంలో 'శుక్రవారం సంస్మరణ సభ' అన్న మాటల మీద వేలు పెట్టి నాకు చూపించింది.

రేపు పొద్దున ఆయన పనికి వెళ్ళగానే, ఈ వజ్రం పట్టుకుని ఆవిడ తలుపు తడతాం.