అంగడి హిందీ

"హిందీ సారు మాకెందుకు సార్? లెక్కల సారునియ్యుండ్రి."

సారక్క పెద్దసారు గది గుమ్మంలోనే నిలబడి అడిగింది. పిల్లల తల్లులందరి తరఫున వచ్చింది. వెనక్కి తగ్గే మనిషి కాదు.

లోపల కూర్చున్నది మండల విద్యాధికారి సంతోష్‌రావు. గోడ పక్కన నిలబడ్డది హిందీ సారు ఓంప్రకాశ్. బోథ్ దాటాక ఉన్న ఆ ఊరి బడిలో లెక్కలకు మనిషి లేడు. పక్క మండలంలో హిందీకి మనిషి లేడు.

"హిందీ పనికిరాదంటవా?" అన్నాడు సంతోష్‌రావు.

"పనికొస్తది. గని మా పిల్లలకు ఎట్లనన్న వస్తది. అంగట్ల బేరం హిందీల, బస్సుల కొట్లాట హిందీల. మొన్న నా బిడ్డ నిఖిత గాజులామెతోని హిందీలనే లొల్లి పెట్టుకున్నది. వచ్చినదాన్నే మళ్ల నేర్పుడేంది? లెక్కలు రాక పరేషానైతున్నరు."

సంతోష్‌రావు ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. "సారూ, పిల్లలకు హిందీ వస్తే మిమ్ముల పక్క మండలానికి పంపుత. రాకపోతే ఇక్కడనే ఉంటరు. నడువుండ్రి, అడిగి చూద్దం."

ఓంప్రకాశ్‌కు పోవాలని లేదు. ఉంచండి అని అడిగే అలవాటూ లేదు. పిల్లలు జవాబు చెప్తే బడి వదలాలి. చెప్పకపోతే పరువు వదలాలి. తొమ్మిదో తరగతి గదిలోకి పోయేలోపు ఆయన పరువే కోరుకున్నాడు.

సంతోష్‌రావు ముందుగా నిఖితను లేపాడు.

"తుమ్హారా నామ్ క్యా హై?" అని పేరడిగాడు.

నిఖిత పైకప్పు చూసింది. "తిన్న సార్," అంది.

ఓంప్రకాశ్ ముఖం పాలిపోయింది. సంతోష్‌రావు పక్కనున్న రుచితను లేపాడు.

"పానీ అంటే ఏంది?"

"తెల్వది సార్."

"పానీపూరి తినవా?"

"తింట సార్. పూరి తెలుసు. పానీ తెల్వది."

తరగతి మొత్తం అంతే. ఎవరిని లేపినా రాయి మీద నీళ్లు. సారక్క ఉండలేక బిడ్డ మీదికి పోయింది.

"ఏందే? గాజులామెను హిందీల ఏడిపిస్తివి గద!"

"అది అంగడి హిందీ అవ్వా. గిది పుస్తకం హిందీ. సారు చెప్తెనే వస్తది."

సంతోష్‌రావు నివేదికలో రెండు ముక్కలు రాసి లేచాడు. "లెక్కల సారును వేరే తెప్పిస్త సారక్కా. గీ సారును మాత్రం కదపను. పిల్లలు మరీ గింత వెనుకబడి ఉన్నరు."

ఓంప్రకాశ్ బండి దాకా వెంట పోయాడు.

"సార్, ఇంకొక్కసారి అడుగుండ్రి. వాళ్లకు వస్తది. నేను చెప్పిన, నాకు తెలుసు. పంపితే పంపుండ్రి గని, హిందీ రాని పిల్లల సారని రాయకుండ్రి."

"గమ్మునుండుండ్రి సారూ."

"అబద్ధం రాసిండ్రు సార్. గా నిఖిత అయితే నాకన్న మంచిగ మాట్లాడుతది."

"నాకెరికే." సంతోష్‌రావు హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. "పొద్దుగాల గేటు కాడ నా బండి ఆపి, 'మా సార్ మస్తు మంచిగ చెప్తడు, తీస్కపోకుండ్రి' అని ఒక్క తప్పు లేకుంట హిందీల బతిమాలింది గా పిల్లనే. 'మీకందరికి హిందీ వస్తే మీ సారును తీస్కపోవుడే' అని దాని చెవుల వేసింది నేనే."